జంతువుల మీద పరీక్షించని క్రీములు, సబ్బులు, రంగులు ఎంచుకోవడం ఎలా: శ్రీకాకుళం వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఏ ఫ్యాన్సీ షాపులో అడుగుపెట్టినా కుందేలు బొమ్మ వేసిన డబ్బాలు కనిపిస్తున్నాయి. పక్కన ‘క్రూయల్టీ ఫ్రీ’ అని, అంటే జంతువులను హింసించకుండా చేసిందని, రాసి ఉంటుంది. ఆ మాటను ఎంతవరకు నమ్మాలో తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది ఇంట్లోకి కొనుక్కునేవాళ్లకు, బ్యూటీ పార్లర్ నడిపేవాళ్లకు, సబ్బులు, నూనెలు చేసి అమ్ముదామనుకునే డ్వాక్రా అక్కచెల్లెళ్లకు పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పెదాలకు రంగు కోసం ఒక ప్రాణి కన్ను పోగొట్టడం తప్పు. మన దేశ చట్టం కూడా దాన్ని నిషేధించింది. అయినా సీసా మీది మాట చూసి ఊరుకుంటే సరిపోదు. చాలాసార్లు పరీక్ష జరిగేది సీసాలోని క్రీము మీద కాదు, అందులో కలిపిన ఏదో ఒక పదార్థం మీద. అది కూడా వేరే దేశంలో, వేరే కంపెనీ చేతుల్లో జరుగుతుంది. అందుకే ఆ పదార్థాలను ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కోరితే పరీక్షించారని అడగడం నేర్చుకోవాలి.

1. ఆ పరీక్షల్లో ఏం చేస్తారో తెలుసుకోండి

ఈ పరీక్షలు ఊరికే పుట్టలేదు. 1930ల్లో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు వాడిన కొందరు ఆడవాళ్లకు చూపు పోయింది, ఒకామె చనిపోయింది. అలాంటి ఘోరాల తర్వాత 1938లో అక్కడి ప్రభుత్వం సౌందర్య సాధనాలను కూడా చట్టం కిందికి తెచ్చింది. 1944లో అమెరికా ఆహార, ఔషధ సంస్థలో పనిచేసే జాన్ డ్రైజ్, ఆయన సహచరులు ఒక పరీక్ష రాసిపెట్టారు. కుందేలు తల మాత్రమే బయటికి వచ్చేలా బిగించి, కింది రెప్పను లాగి, అందులో ఆ పదార్థం వేస్తారు. రెండో కన్నును పోల్చి చూడటానికి వదిలేస్తారు. తర్వాత 24, 48, 72 గంటలకు నల్లగుడ్డు ఎంత మసకబారింది, ఎంత ఎర్రబడింది, ఎంత వాచింది అని మార్కులు వేస్తారు. ఒక్కోసారి ఈ పరిశీలన 21 రోజులు సాగుతుంది.

కుందేలును ఎంచుకోవడానికి కారణాలు అది సాధువు కావడం, చౌకగా దొరకడం, కన్ను పెద్దది కావడం. మనిషితో పోలిస్తే కుందేలు తక్కువగా రెప్ప వేస్తుంది, దానికి కన్నీళ్లు కూడా తక్కువ. పడిన మందును కన్నీటితో కడిగేసుకునే శక్తి దానికి అంతగా లేదు. అందుకే దాని కంటిలో వచ్చిన ఫలితం మన కంటికి సరిగ్గా సరిపోదని శాస్త్రవేత్తలే ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. ఇది దయకు సంబంధించిన వాదన మాత్రమే కాదు, పరీక్ష నాణ్యతకు సంబంధించినది కూడా.

చర్మం మీద పరీక్షకు కుందేలు వీపు మీది బొచ్చు గొరిగి మందు పూస్తారు. ఎలర్జీ కోసం గినీ పందులను వాడేవారు. ‘ఎల్‌డీ 50’ అనే పరీక్ష 1927 నుంచి ఉంది. ఒక గుంపులో సగం జంతువులు చచ్చిపోయే మోతాదు ఎంతో కనుక్కోవడం దాని పని. ఆ పాత పద్ధతిని అంతర్జాతీయ మార్గదర్శకాల నుంచి 2002లో తీసేశారు.

మార్పు తెచ్చింది జనం ఒత్తిడే. 1980లో హెన్రీ స్పైరా అనే జంతు హక్కుల ఉద్యమకారుడు న్యూయార్క్ టైమ్స్‌లో పేజీ నిండా ప్రకటన వేయించి, అందం కోసం ఎన్ని కుందేళ్లను గుడ్డివి చేస్తున్నారని రెవ్లాన్ కంపెనీని నిలదీశాడు. ఆ ఏడాదే ఆ కంపెనీ వేరే పద్ధతులు కనిపెట్టే పరిశోధనకు 7,50,000 డాలర్లు ఇచ్చింది. కొనేవాళ్లు అడిగితే కంపెనీలు కదులుతాయనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2. మన చట్టం ఎంతవరకు కాపాడుతుందో చూసుకోండి

భారతీయ ప్రమాణాల సంస్థ 2013లో సౌందర్య సాధనాల భద్రతా ప్రమాణం నుంచి జంతు పరీక్షలను తొలగించింది. 2014 మేలో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించి, సౌందర్య సాధనాల పరీక్షకు ఏ జంతువునూ వాడకూడదని శాసించింది. అదే ఏడాది నవంబరు నుంచి, ఆ తర్వాత జంతువుల మీద పరీక్షించిన సరుకు దిగుమతిని కూడా ఆపింది. 2020లో వచ్చిన కొత్త సౌందర్య సాధనాల నిబంధనల్లోనూ ఈ నిషేధం కొనసాగుతోంది. యూరప్‌లో జంతువుల మీద పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకం మీద పూర్తి నిషేధం 2013 మార్చి 11 నుంచి అమల్లో ఉంది.

కాబట్టి మన దేశంలో తయారైన మామూలు పౌడరు, లిప్‌స్టిక్, షాంపూ విషయంలో పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. అయితే మూడు చోట్ల కంత ఉంది.

మొదటిది, 2014కు ముందు జరిగిన పరీక్షలు. వాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. పాత పదార్థాల్లో చాలావాటిని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో పరీక్షించే ఉంటారు. మనం అడగాల్సింది ఇకముందు సంగతి.

రెండోది, వేరే అవసరం కోసం చేసిన పరీక్ష. ఒకే రసాయనం పెయింటులోనూ, మందులోనూ, క్రీములోనూ ఉండొచ్చు. రసాయనాల చట్టం కోసం దాన్ని జంతువు మీద పరీక్షిస్తే అది సౌందర్య సాధనం పరీక్ష కిందికి సులువుగా రాదు. యూరప్‌లో ఇదే గొడవ కోర్టుకెక్కింది. సన్‌స్క్రీన్‌లలో వాడే రెండు పదార్థాలను జంతువుల మీద పరీక్షించాలని అక్కడి రసాయనాల సంస్థ చెబితే, తయారుచేసే జర్మన్ కంపెనీ సవాలు చేసింది. 2023 నవంబరులో యూరప్ జనరల్ కోర్టు సంస్థ వైపే తీర్పు చెప్పింది. ఇంత గట్టి నిషేధం ఉన్న చోటే ఇలా జరిగింది.

మూడోది మన షాపుల్లో రోజూ కనిపించేదే, కానీ ఎవరూ గమనించరు. చుండ్రు పోగొట్టే కీటోకోనజోల్ షాంపూ, జుట్టు మొలిపించే మినాక్సిడిల్ చట్టం దృష్టిలో మందులు. ఆయుర్వేద లైసెన్సు మీద అమ్మే తలనూనెలు, ఫేస్‌ప్యాక్‌లు ఇంకో విభాగం. ఇవన్నీ సౌందర్య సాధనాల అరలోనే ఉన్నా ఆ నిషేధం వీటికి నేరుగా వర్తించదు. పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో పనిచేసే మన పిల్లలకు ఈ తేడా బాగా తెలుసు. ఇంట్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే డబ్బా చూపించి, ఇది ఏ లైసెన్సు సరుకో అడగండి, ఇట్టే చెప్పేస్తారు.

3. డబ్బాను తిప్పి చదవండి

షాపులో ముందువైపు బొమ్మలు చూడటం ఆపి వెనకవైపు చదవడం మొదలుపెట్టాలి. ‘ఏటమ్మా, అన్నిసార్లు తిప్పి చూస్తున్నావు?’ అని షాపతను అడిగితే అడగనివ్వండి.

ముందుగా తయారీదారు పేరు, పూర్తి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉన్నాయేమో చూడండి. విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్న సంస్థ పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ఇవి లేని ‘ఫారిన్’ కాజల్, ఐలైనర్ సంతల్లో, పండగ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో చౌకగా దొరుకుతాయి. అడ్రసే లేని సరుకు గురించి ఎవరిని అడుగుతాం? దాని మీద ఎన్ని కుందేళ్లు గీసినా వదిలేయండి. చర్మానికీ అదే మేలు.

తర్వాత కుందేలు బొమ్మ. అన్ని బొమ్మలకూ ఒకే విలువ లేదు.

‘లీపింగ్ బన్నీ’ గుర్తును 1996లో అమెరికాలో 8 జంతు సంరక్షణ సంస్థలు కలిసి మొదలుపెట్టాయి. ఈ గుర్తు కావాలంటే కంపెనీ ఒక గడువు తేదీ పెట్టుకోవాలి. ఆ తేదీ తర్వాత జంతువుల మీద పరీక్షించిన పదార్థాన్ని తీసుకోకూడదు. సరఫరాదారుల దగ్గర కూడా ఆ లెక్క నడవాలి, బయటివాళ్లు వచ్చి తనిఖీ చేయడానికి ఒప్పుకోవాలి. నేను ఎక్కువ నమ్మేది దీన్నే. జంతు హక్కుల సంస్థ ‘పెటా’ ఇచ్చే గుర్తు ప్రధానంగా కంపెనీ సంతకం చేసి ఇచ్చే హామీ మీద ఆధారపడుతుంది. అది కూడా పనికొస్తుంది, కాకపోతే తనిఖీ అంత లోతుగా ఉండదు. రెండు సంస్థలూ కంపెనీల జాబితాను తమ వెబ్‌సైట్లలో పెడతాయి. షాపులో నిలబడే ఫోన్‌లో వెతకొచ్చు. ఏ సంస్థ పేరూ లేకుండా ఊరికే కుందేలు బొమ్మ ఒకటే ఉంటే అది కంపెనీ సొంతంగా వేసుకున్న ముగ్గు లాంటిది. దాన్ని రుజువుగా తీసుకోకండి.

‘తయారైన ఉత్పత్తిని జంతువుల మీద పరీక్షించలేదు’ అనే వాక్యం కనిపిస్తే జాగ్రత్తగా చదవండి. పదార్థాల గురించి అందులో ఒక్క మాట కూడా లేదు.

కొన్ని సబ్బుల మీద, టూత్‌పేస్టుల మీద ఆకుపచ్చ చుక్కో, ఎర్ర చుక్కో ఉంటుంది. అది సరుకులో జంతువుల నుంచి తీసింది ఏమైనా కలిసిందా అని చెబుతుంది, పరీక్ష గురించి ఏమీ చెప్పదు. ఈ రెండింటినీ కలిపేసుకునేవాళ్లే ఎక్కువ. పొందూరు ఖద్దరునే తీసుకోండి. పత్తిని శుభ్రం చేయడానికి అక్కడ వాలుగ చేప దవడ ఎముక వాడతారు. అందులో జంతువుకు సంబంధించిన వస్తువు ఉంది, జంతువు మీద పరీక్ష లేదు. లిప్‌స్టిక్‌లో దీనికి తలకిందులుగా ఉండొచ్చు. అన్నీ మొక్కల నుంచీ గనుల నుంచీ వచ్చినవే అయినా, వాటిలో ఒకదాన్ని ఎక్కడో ఎలుక మీద పరీక్షించి ఉండొచ్చు.

జంతు పదార్థాలు కూడా వద్దనుకునేవాళ్లు జాబితాలో కొన్ని పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. కార్మైన్, అంటే సీఐ 75470, ఒక రకం పురుగుల నుంచి తీసే ఎరుపు రంగు. లానోలిన్ గొర్రె ఉన్ని మీది జిడ్డు. సోడియం టాలోవేట్ పశువుల కొవ్వుతో చేసిన సబ్బు. బీస్‌వాక్స్ తేనెమైనం.

4. కంపెనీకి ఉత్తరం రాయండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే, కానీ అందరూ దాటేసేది కూడా ఇదే. ప్యాకెట్ మీద వినియోగదారుల సేవ కోసం ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉంటాయి. ఫోన్ వద్దు, ఈమెయిలే పంపండి. రాతపూర్వకంగా వచ్చిన జవాబుకు విలువ ఉంటుంది. కింది ఉత్తరాన్ని అలాగే వాడుకోవచ్చు, ఇంగ్లిష్‌లో పంపాలంటే ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించండి.

‘నమస్కారం. మీ ఉత్పత్తి (పేరు, బ్యాచ్ నంబరు) కొనే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను. ఈ ఉత్పత్తిని గానీ, ఇందులోని పదార్థాలను గానీ మీరు, మీ సరఫరాదారులు, మీ తరఫున మరెవరైనా జంతువుల మీద పరీక్షిస్తున్నారా? ఫలానా తేదీ తర్వాత పరీక్షించిన పదార్థం తీసుకోబోమని గడువు పెట్టుకున్నారా? సరఫరాదారుల నుంచి రాతపూర్వక హామీ తీసుకుంటున్నారా? మీరు అమ్మే దేశాల్లో ఏ ప్రభుత్వమైనా కోరితే జంతు పరీక్షకు ఒప్పుకుంటారా? మీ మాతృసంస్థ విధానం ఏమిటి? దయచేసి ఒక్కో ప్రశ్నకు విడిగా జవాబు ఇవ్వండి.’

జవాబు వచ్చాక దాన్ని ఎలా చదవాలో తెలియాలి. ‘చట్టం కోరిన చోట తప్ప మేం జంతువుల మీద పరీక్షించం’ అని వస్తే, పరీక్షలకు దారి తెరిచే ఉందని అర్థం. ఈ వాక్యం వెనక ఎక్కువగా ఉండేది చైనా మార్కెట్. చాలాకాలం అక్కడికి వెళ్లే విదేశీ సౌందర్య సాధనాలకు జంతు పరీక్ష తప్పనిసరి. 2014లో దేశీయంగా చేసే మామూలు రకాలకు సడలింపు ఇచ్చారు. 2021 మే నుంచి దిగుమతయ్యే మామూలు రకాలకు కూడా, తయారీ ప్రమాణాల ధ్రువపత్రం, భద్రతా నివేదిక చూపిస్తే మినహాయింపు వచ్చింది. జుట్టు రంగులు, సన్‌స్క్రీన్‌లు, చర్మం తెల్లబరిచే క్రీములు అక్కడ ‘ప్రత్యేక’ రకాలు. వాటికి ఆ మినహాయింపు లేదు. కాబట్టి చైనాలో అమ్ముతున్నారు అన్నంత మాత్రాన తోసిపుచ్చక్కర్లేదు. ఏ సరుకు, ఏ దారిలో అమ్ముతున్నారని రెండో ఉత్తరంలో అడగండి.

‘మేం అన్ని చట్టాలూ పాటిస్తాం’ అని మాత్రమే వస్తే అది జవాబు కాదు. అసలు జవాబే రాకపోతే, ఇంకో కంపెనీ సరుకు చూసుకోండి.

మాతృసంస్థ విషయంలో ఎవరి నిర్ణయం వాళ్లది. ఒక చిన్న కంపెనీ పద్ధతిగా ఉండి, దాన్ని కొన్న పెద్ద సంస్థ అలా లేకపోవచ్చు. నేనైతే ఆ చిన్న కంపెనీ సరుకే కొంటాను. ఏది అమ్ముడుపోతోందో పెద్ద సంస్థకు లెక్కల్లో కనిపిస్తుంది.

5. ఇంట్లో, పార్లర్‌లో నెమ్మదిగా మార్చండి

ఉన్నవన్నీ పారేయకండి. అయిపోయినప్పుడల్లా ఒక్కొక్కటి మార్చండి. రోజూ వాడే సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు ముందు. మన దేశంలో చేసిన తక్కువ ధర సరుకుల్లోనే మంచివి దొరుకుతాయి. ఖరీదైన విదేశీ సీసా కొంటేనే దయ ఉన్నట్టు కాదు.

పార్లర్ వాళ్ల బాధ్యత పెద్దది, ఎందుకంటే పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్క పార్లర్ కొనే ఫేషియల్ కిట్లు, బ్లీచ్, జుట్టు రంగు ఎన్నో ఇళ్ల వాడకానికి సమానం. డిస్ట్రిబ్యూటర్‌ను సూటిగా అడగండి: ‘అన్నా, ఈ కంపెనీ నుంచి పదార్థాల మీద కూడా జంతు పరీక్ష లేదని లెటర్ తెప్పించగలవా? తెప్పిస్తే ఆర్డర్ నీకే.’ ఆర్డర్ పోతుందంటే పైదాకా వెళ్తుంది ఆ మాట.

జుట్టు రంగు విషయంలో ఒక హెచ్చరిక. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ (పారాఫినైలిన్ డైఅమీన్) అనే రసాయనం ఉంటుంది. లాష్ లూర్‌లో కళ్లు పోగొట్టింది కూడా ఆ కోవ రసాయనమే. ఏ జంతువు మీద ఎంత పరీక్షించినా మీ చర్మానికి అది పడుతుందో లేదో చెప్పలేరు. ప్యాకెట్ మీద రాసినట్టుగా చెవి వెనకో, మోచేతి మడతలోనో కొంచెం రాసి 48 గంటలు చూడండి. కనుబొమలకు, రెప్పలకు ఆ రంగు ఎప్పుడూ వేయకండి.

కుంకుడుకాయ, శీకాయ, నలుగుపిండి, గోరింటాకు మన దగ్గర తరాలుగా మనుషుల మీదే పరీక్షకు నిలిచినవి. వాటికి ఏ ల్యాబూ అవసరం రాలేదు. అలాగని ఇంట్లో చేసిందల్లా మెత్తగా ఉంటుందనుకోవద్దు. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా మండుతుందో మనందరికీ తెలుసు. కోన్లలో వచ్చే ‘నల్ల గోరింటాకు’ అసలు గోరింటాకే కాదు, అందులో తరచూ పీపీడీ కలుపుతారు.

6. తయారుచేసి అమ్మేవాళ్లు ఇలా చేయండి

స్నానపు సబ్బు, ఫేస్‌ప్యాక్, లిప్‌బామ్ అమ్మాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు కావాలి. ‘చిన్న ఎత్తున చేస్తున్నాం కదా’ అన్న మాట అక్కడ చెల్లదు. సంఘంలో డబ్బు పెట్టకముందే ఈ విషయం కనుక్కోండి.

భద్రత నిరూపించడానికి జంతువు అక్కర్లేదు. ముందు, ఎప్పటినుంచో వాడుకలో ఉండి భద్రత తెలిసిన పదార్థాలనే ఎంచుకోండి. రంగులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 4707 జాబితా చూడండి. భద్రతా పరీక్షల పద్ధతులు ఐఎస్ 4011లో ఉంటాయి. ఒప్పుకున్న మనుషుల చర్మం మీద, నిపుణుల పర్యవేక్షణలో, చిన్న పట్టీ వేసి చూసే పరీక్ష అందుకు దారి. సబ్బుకైతే క్షారం ఎక్కువైందా, క్రీముకైతే క్రిములు చేరాయా అన్నది ల్యాబ్‌లో తేలుతుంది. చిన్న తయారీదారుకు చాలావరకు ఇదే సరిపోతుంది.

పెద్ద ల్యాబ్‌ల్లో ఇంకా ముందుకు వెళ్లారు. మనిషి చర్మకణాలను పెంచి పొరలు పొరలుగా కట్టిన చర్మం మీద మంటపెట్టే గుణం చూస్తారు. కబేళాలో మాంసం కోసం కోసిన పశువుల కళ్ల నుంచి తీసిన నల్లగుడ్డు పొర మీద కంటి పరీక్ష చేస్తారు, దాని కోసం వేరే ప్రాణిని చంపరు. ఎండ తగిలితే వికటించే పదార్థాలను కణాల మీదే పట్టుకుంటారు. ఇవన్నీ అంతర్జాతీయంగా ఆమోదం పొందిన పద్ధతులు. అందుకే ‘జంతువులు లేకపోతే భద్రత ఎలా తెలుస్తుంది?’ అనే వాదనకు ఇప్పుడు బలం లేదు.

ముడిసరుకు అమ్మేవాళ్ల నుంచి ప్రతి పదార్థానికీ ఒక లెటర్ తీసుకుని ఫైల్‌లో పెట్టుకోండి. అవి చేతికి రాకుండా లేబుల్ మీద కుందేలు బొమ్మ వేయకండి.

7. అబద్ధం అనిపిస్తే ఫిర్యాదు చేయండి

2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ‘క్రూయల్టీ ఫ్రీ’ వంటి మాటలను సరైన ఆధారం, వివరణ లేకుండా ప్రకటనల్లో వాడకూడదు. అంటే ఆధారం చూపించాల్సింది కంపెనీ. అడిగినా చూపించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. శ్రీకాకుళంలోనూ, విజయనగరంలోనూ ఉంది. లైసెన్సు నంబరు లేని సరుకు అమ్ముతుంటే జిల్లాలోని డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఫిర్యాదుకు ముందు బిల్లు, డబ్బా ముందువైపు, వెనకవైపు ఫొటోలు, బ్యాచ్ నంబరు, మీరు పంపిన ఈమెయిల్, వాళ్ల జవాబు ఒకచోట పెట్టుకోండి. చిన్న షాపుల్లో బిల్లు అడిగితేనే ఇస్తారు, అడిగి తీసుకోండి. ఫోన్ చేసినప్పుడు వాళ్లు ఇచ్చే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, రాసుకోండి. అది లేకపోతే మళ్లీ ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తుంది.